చెమట చెప్పే సాక్ష్యం

ఒంటి మీద అతికించుకునే రసాయన సెన్సర్లు షుగరు రోగి జబ్బ దాకా వచ్చాయి. విషవాయువుల మధ్య పనిచేసే కార్మికుడి జేబు దాకా రావడానికి మాత్రం దారి దొరకడం లేదు

డెలానీపూర్‌లో చెమటకు కొరత లేదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే అండమాన్‌లో వాన వెలిసిన మరుక్షణమే ఒళ్లు జిగటగా తయారవుతుంది. 2024 సెప్టెంబర్‌లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, నౌకాదళం వారి సముద్రిక మ్యూజియం ఉన్న ఈ పేటలో నాలుగడుగులు వేస్తే చాలు, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. తరతరాలుగా తుడిచి పారేసిన ఆ చెమటనే ఇప్పుడు శాస్త్రవేత్తలు చుక్క కూడా వదలకుండా చదువుతున్నారు. అందులో సోడియం ఉంది, క్లోరైడ్ ఉంది, లాక్టేట్, యూరియా, కొద్దిపాటి గ్లూకోజ్ ఉన్నాయి. సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా ఒంట్లోని సంగతులు చెప్పే పట్టీలు, ఉంగరాలు, గడియారాలు ఆ చుక్క మీద ఆశతోనే పుట్టుకొస్తున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు ఉత్తర కోస్తాలో ఉన్నాయి. డెలానీపూర్‌లో అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. తల్లికి పదేళ్లుగా షుగరు. కొడుకు సముద్రం అవతల, విశాఖపట్నం దగ్గర అచ్యుతాపురంలో రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. రాత్రి ఫోనులో కొడుకు అడిగేది "మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని. తల్లి అడిగేది "డ్యూటీ నుంచి వచ్చేశావా నాయనా?" అని. ఇద్దరి ప్రశ్నల వెనుకా ఉన్నది ఒకే భయం, కంటికి కనిపించని రసాయనం. తల్లికి అది రక్తంలో ఉంది. కొడుక్కి పీల్చే గాలిలో ఉంది. రెండింటినీ కొలిచే పరికరాలను ఒంటికి తగిలించుకునేంత చిన్నవిగా చేసే విద్య మనిషికి వచ్చేసింది. కానీ ఆ విద్య పరుగులు తీస్తున్నది తల్లి వైపే. కొడుకు సంగతి ఎవరికీ తొందర లేదు.

ముందు తల్లి కథ. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో సాగిన భారీ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. వేలు గుచ్చనక్కర్లేని గ్లూకోమీటర్ చేసినవాడికి అపర కుబేరుడి వైభోగం ఖాయమని చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. ప్రయత్నాలకూ లోటు లేదు. అమెరికాలో లీలాండ్ క్లార్క్ 1962లో ఎంజైమును ఎలక్ట్రోడ్‌కు జతచేసి గ్లూకోజ్ కొలిచే దారి చూపించాడు. నేటి ఇంటింటి గ్లూకోమీటర్‌కు మూలపురుషుడు ఆయనే. ఆ దారిలోనే 2001లో గ్లూకోవాచ్ అనే గడియారానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. సన్నటి విద్యుత్తు పంపి చర్మం కింది ద్రవాన్ని పైకి లాగి గ్లూకోజ్ లెక్కకట్టడం దాని పద్ధతి. చర్మం ఎర్రబడి మండేది. సరిచూసుకోవడానికి మళ్లీ వేలు గుచ్చుకోవాల్సి వచ్చేది. అన్నిటికీ మించి, చెమట పడితే రీడింగ్ ఇవ్వడం మానేసేది. డెలానీపూర్‌లో అయితే అది గడియారంగా తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. 2007 నాటికి మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

2014 జనవరిలో గూగుల్ కంటి లెన్సుతో వచ్చింది. కన్నీటిలో గ్లూకోజ్ చదువుతామంది. కన్నీటి లెక్కకూ రక్తం లెక్కకూ పొంతన కుదరక 2018లో ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టారు. చెమట పరిస్థితీ దాదాపు అదే. చెమటలో ఉండే గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో సుమారు నూరో వంతు. చర్మం మీద అంటుకున్న తీపి పదార్థం, ఆరిపోయిన పాత చెమట, ఉక్కపోతకు ధారగా కారే కొత్త చెమట, అన్నీ ఆ చిన్న లెక్కను తారుమారు చేయగలవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో సోడియం, పొటాషియం, గ్లూకోజ్, లాక్టేట్‌లను ఒకేసారి చదివే చెమట పట్టీని చూపించినప్పుడు ప్రపంచం అబ్బురపడింది. పరుగు పందెంలో ఒంట్లో ఉప్పు, నీరు ఎంత పోతున్నాయో చెప్పడానికి అలాంటి పట్టీలు పనికొస్తున్నాయి. ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో తేల్చే పని మాత్రం వాటికి అప్పగించే రోజు రాలేదు.

ప్రస్తుతానికి గెలిచింది మధ్యేమార్గం. 2014లో యూరప్‌లో అబాట్ కంపెనీ తెచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే లాంటి పట్టీలు జబ్బ వెనుక అతుక్కుంటాయి. వాటి నుంచి వెంట్రుకలాంటి తీగ ఒకటి చర్మం కింద ఉంటుంది. రోజుల తరబడి నిమిషాల తేడాతో గ్లూకోజ్ చెబుతుంది. అది కూడా నేరుగా రక్తాన్ని చదవదు, కణాల మధ్య ద్రవాన్ని చదువుతుంది. కనుక రక్తంలో వచ్చిన మార్పు అక్కడ కనిపించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అయినా అది వైద్యులు నమ్మే పరికరం. చర్మాన్ని ముట్టకుండానే షుగరు చెబుతామంటూ అమ్ముడవుతున్న గడియారాలు, ఉంగరాల సంగతి వేరు. అలాంటి ఏ ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి మందు మోతాదు మార్చుకుంటే ప్రాణాల మీదికి రావచ్చని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని కొడుకు అమ్మకు పంపే కానుక అదే కాకూడదు.

సూది లేని పరీక్షలన్నీ ఉత్త మాటలేనా అంటే కాదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌ను వడగాడ్పులు వేయించినప్పుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు ఉన్న పిల్లలు ఎక్కువగా సొమ్మసిల్లడం వైద్యుల కంటపడింది. వారి చెమటలో ఉప్పు అసాధారణంగా ఎక్కువని తర్వాత తేలింది. 1959 నుంచి చెమటలోని క్లోరైడే ఆ జబ్బుకు ప్రామాణిక పరీక్ష. లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే జబ్బు ఉన్నట్టే. చెమట అబద్ధం చెప్పదు, సరైన ప్రశ్న అడిగితే. కొవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్ మరో ఉదాహరణ. జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టిన సూత్రంతో అది కాంతి సాయంతో రక్తంలో ఆక్సిజన్ పాలు చెబుతుంది. దేశమంతా ఆ చిన్న క్లిప్పును నమ్ముకుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్న రోజుల్లోనే, 2020 డిసెంబర్‌లో మిషిగన్ వైద్యుల అధ్యయనం ఒకటి బయటికొచ్చింది. ప్రమాదకరంగా పడిపోయిన ఆక్సిజన్‌ను ఆ పరికరం గుర్తించలేకపోవడం తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని అది చెప్పింది. ఎవరి ఒంటి మీద సరిచూసి దిద్దారో వారికే పరికరం సరిగ్గా పలుకుతుందన్నమాట. చల్లటి ప్రయోగశాలలో, తెల్లటి చర్మం మీద తయారైన లెక్క అండమాన్ ఉక్కలోనూ అలాగే చెల్లుతుందనుకోవడం అమాయకత్వం. గాలిని కొలిచే చవక పరికరాలదీ అదే తంతు. తేమకు ధూళి కణాలు ఉబ్బితే అవి ఉన్నదానికన్నా ఎక్కువ కాలుష్యం చూపిస్తాయి.

లోపాలున్నా, తల్లి కోసం ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నీ పోటీ పడుతున్నాయి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భం మీదుగా 2,312 కిలోమీటర్ల కేబుల్ వచ్చాక, డెలానీపూర్‌లో జబ్బ మీది అంకె క్షణంలో విశాఖలోని కొడుకు ఫోనులో కనిపించడం కూడా పెద్ద విషయం కాదు. ఇప్పుడు ఆ ఫోను పట్టుకున్న కొడుకు దగ్గరికి వెళ్లాలి.

రసాయనాల మధ్య పనిచేసే మనిషికి తరతరాలుగా దిక్కు ముక్కే. గని కార్మికులకు ముక్కు చాలదని బ్రిటన్‌లో కెనరీ పిట్టల్ని తోడు పంపారు. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే మనిషికన్నా ముందు పిట్ట సొమ్మసిల్లేది. ఆ పిట్టలకు విముక్తి కలగడానికి 1986 దాకా పట్టింది. పిట్ట స్థానంలోకి జేబుకు తగిలించుకునే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. విషవాయువు తాకినప్పుడు లోపలి చిన్న గదిలో రసాయనిక చర్య జరిగి విద్యుత్తు పుడుతుంది, హద్దు దాటితే బీప్‌మంటుంది. ఇది నమ్మదగ్గ, పాతబడిన సాంకేతికత. ముక్కును నమ్మకూడదనడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కటి చాలు. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మోతాదు ప్రాణాంతకం వైపు పెరిగేసరికి వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా అని మ్యాన్‌హోల్లోకి దిగిన మనిషి తిరిగి రాడు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద చేసిన నియమావళిలో, మురుగు కాల్వల్లో దిగేవారికి ఇవ్వాల్సిన సామగ్రి జాబితాలో నాలుగు వాయువుల్ని కొలిచే మానిటర్ ఉంది. జాబితాలో ఉన్నది మ్యాన్‌హోల్ అంచు దాకా వస్తే ఏటా వినాల్సి వస్తున్న ఆ చావు వార్తలు చాలావరకు తగ్గేవి.

విశాఖ కథ ఇంకా చేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో వేసిన హైపవర్ కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా అది మోగలేదు. ట్యాంకు అడుగున ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంది, వేడి పేరుకుపోయిన పైభాగంలో లేదు. లాక్‌డౌన్ నిద్రలో ఉన్న ఊరికి తొలి హెచ్చరిక అందింది కళ్ల మంట రూపంలోనే. 1984లో భోపాల్ ప్రజలకు అందినట్టే.

స్టైరీన్ ఒంట్లోకి వెళ్లాక జరిగేది ఈ కాలమ్‌కు మరీ ముఖ్యం. కాలేయం దాన్ని మాండెలిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఎంత పీల్చారో చెప్పడానికి సూది అక్కర్లేదు, మూత్రం నమూనా చాలు. అయితే ఆ ఆనవాలు ఎక్కువ కాలం నిలవదు. గంటల్లో తగ్గడం మొదలై, కొద్ది రోజుల్లో మాయమవుతుంది. సమయానికి పరీక్షించని మనిషి తర్వాత ఎన్నేళ్లు దగ్గినా, 'అది ఆ గ్యాసు వల్లే' అనడానికి ఒంట్లో రుజువు మిగలదు. ఒళ్లు సాక్ష్యం చెబుతుంది కానీ వాయిదాలు ఇవ్వదు.

అచ్యుతాపురం సంగతి చూస్తే ఇది మరింత అర్థమవుతుంది. అక్కడి బ్రాండిక్స్ సెజ్‌లోని దుస్తుల ఫ్యాక్టరీలో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి మహిళా కార్మికులు వాంతులు, కళ్లు తిరగడంతో పెద్ద సంఖ్యలో కుప్పకూలారు. కుట్టు మిషన్ల దగ్గర కూర్చున్నవారికి ఏ వాయువు సోకిందో వెంటనే ఎవరూ చెప్పలేకపోయారు. మొదట అమోనియా అన్నారు. తర్వాత క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు పేరు వినిపించింది. రెండింటికీ చేయాల్సిన వైద్యం ఒకటి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో జోసెఫ్ వాంగ్ బృందం, ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందుల్ని వేలికొసతో తాకి పసిగట్టే చేతి తొడుగును 2017లోనే చూపించింది. క్లోర్‌పైరిఫాస్ ఆ జాతిదే. ఇంతకన్నా పాత, చవకైన ఉపాయం కూడా ఉంది. చొక్కాకు తగిలించుకునే బొగ్గుపొడి బ్యాడ్జి అది. షిఫ్టంతా గాలిలోని రసాయన ఆవిరిని తనలో ఇముడ్చుకుంటుంది, ల్యాబులో చదివితే ఆ మనిషి 8 గంటల్లో ఎంత పీల్చాడో లెక్క చెబుతుంది. అది అలారం మోగించలేదు, అన్ని వాయువుల్నీ పట్టలేదు. కానీ రుజువు మిగులుస్తుంది.

మరి ఎందుకు రాదు? ఖర్చు పెద్ద కారణం కాదు. ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ఛాతీ మీద ఉండే చిన్న బ్యాడ్జిని చాలామంది చూసే ఉంటారు. టీఎల్‌డీ అనే ఆ బ్యాడ్జి రేడియేషన్‌ను గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు ల్యాబుకు పంపి చదివిస్తారు, ఒక్కొక్కరి లెక్క విడిగా రాస్తారు. ఏడాదికి 30 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు, అయిదేళ్ల సగటు 20 దాటకూడదు. అణుశక్తి నియంత్రణ మండలికి జవాబు చెప్పాలి. సెన్సర్ వెనుక చట్టం, చట్టం వెనుక రికార్డు, రికార్డు వెనుక అడిగే అధికారి ఉన్నారు కాబట్టే అది ఛాతీ మీద నిలిచింది. రసాయన కార్మికుడి విషయంలోనూ చట్టం మరీ మూగగా లేదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాలని, అవి కార్మికులకు అందుబాటులో ఉండాలని రాశారు. పని ప్రదేశంలో ఏ రసాయనం ఎంత మించకూడదో పట్టిక కూడా చేర్చారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ చట్టం కలిసిపోయింది. పట్టికలో అంకె ఉన్నా, ప్రతి కార్మికుడి ఊపిరినీ ఆ అంకెతో సరిచూసే బ్యాడ్జి లేకపోతే అది గోడ మీది క్యాలెండరుతో సమానం.

బ్యాడ్జి వచ్చినంత మాత్రాన పండగ చేసుకోనక్కర్లేదు. ఆ అంకె ఎవరి చేతికి వెళుతుందన్నది అసలు ప్రశ్న. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి, బాధ్యత నుంచి కాపాడడం కోసం ఉద్యోగి డేటాను అతని సమ్మతి లేకుండా వాడుకోవడానికి వీలు కల్పిస్తోంది. అంటే చెమట పట్టీ కార్మికుడిదే అయినా, అది చెప్పే సాక్ష్యం యజమాని తరఫు సాక్ష్యంగా మారవచ్చు. మూత్రంలో ఆనవాలు పెరిగిన మనిషికి గాలి బాగుచేసిన షాపు దొరుకుతుందా, ఇంటి దారి చూపిస్తారా? జవాబు తెలియనంత కాలం కార్మికుడు బ్యాడ్జిని చూసి కూడా భయపడతాడు.

కొలత ఆలస్యమైతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఏనాడో చూపించింది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడితోటల మధ్య కిడ్నీలు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పాడయ్యాయి. ఇలాంటి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. కాబట్టి చవకగా దొరికే మూత్రపు స్ట్రిప్పు 'బాగానే ఉంది' అనవచ్చు. అసలు సంగతి తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్ చూడాలి. అది చూసేసరికి చాలామందికి డయాలసిస్ వేళ అయింది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. సుమారు 700 కోట్ల రూపాయలతో తాగునీటి పథకం వచ్చింది. మంచిదే. అయితే తోటలో చెమటోడ్చే కూలి చెమటలోనో లాలాజలంలోనో కిడ్నీ తొలి మూలుగును వినగలిగే చవక పట్టీ కోసం పోటీ పడుతున్న కంపెనీల వరస మాత్రం కనిపించడం లేదు. ఉద్దానం కూలి కొనుగోలుదారు కాడు కదా.

మార్కెట్‌ను తిట్టి ప్రయోజనం లేదు. కొనగలిగినవాడి ఒళ్లు వినడం దాని స్వభావం. కొనలేనివాడి ఒళ్లు వినడం ప్రభుత్వం పని. విశాఖ, అనకాపల్లి జిల్లాల్లో ప్రమాదకర రసాయనాలు వాడే ప్రతి ఫ్యాక్టరీలో షిఫ్టుకో బ్యాడ్జి తప్పనిసరి చేయడం, దాన్ని ఫ్యాక్టరీకి సంబంధం లేని ల్యాబులో చదివించడం, ఆ అంకెను ముందు కార్మికుడికే చెప్పడం, దాని సాకుతో ఉద్యోగం తీయకూడదని నిబంధన రాయడం రాకెట్ ప్రయోగాలేమీ కావు. ఎక్స్‌రే గదిలో చేస్తున్న పనినే రియాక్టర్ పక్కన కూడా చేయమనడం.

ఆ రోజు వచ్చేదాకా సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం మీదుగా రెండు ప్రశ్నలు అటూఇటూ తిరుగుతూనే ఉంటాయి. "మాత్ర వేసుకున్నావా?" అన్న కొడుకు ప్రశ్నకు తల్లి జబ్బ మీది పట్టీ అంకెతో సహా జవాబు చెబుతుంది. "డ్యూటీ నుంచి వచ్చేశావా?" అన్న తల్లి ప్రశ్నకు కొడుకు "వచ్చేశానమ్మా, బాగానే ఉన్నాను" అంటాడు. బాగానే ఉన్నాడని అతనికి మాత్రం చెప్పిందెవరు?